హెరాల్డ్ పెట్రోలు లైను: పది వేలల్లో అయ్యే పనే

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది కడప. మా జేజినాయన అప్పట్లో కొన్న రెండు డోర్ల స్టాండర్డ్ హెరాల్డ్ ఉంది. పైకప్పు విప్పించి ఓపెన్ కారు చేయించినాడు, మా వీధిలో అందరూ దాన్ని స్పోర్ట్స్ కారనే అంటారు. ఆయన పోయినాక ఆరేండ్లు షెడ్డులోనే ఉండిపోయింది. పోయిన నెల బాగు చేయించి గువ్వలచెరువు దాకా పోయొద్దామని బయల్దేరితే ఘాటు మీద నాలుగుసార్లు ఆగిపోయింది. కాసేపు ఆగితే మళ్ళీ స్టార్ట్ అవుతుంది. డిక్కీ తెరిస్తే పెట్రోలు వాసన. అక్కడి గొట్టం పట్టుకుంటే చేతికి మసి అంటుతోంది. ఒక మెకానిక్ ఎండకి పెట్రోలు ఆవిరవుతోంది, ఎలక్ట్రిక్ పంపు పెడదాం అన్నాడు. ఇంకొకాయన ట్యాంకుతో సహా లైను మొత్తం కొత్తది వేయాలి, ముప్పై అయిదు వేలు అన్నాడు. నా దగ్గర పది వేలకి మించి లేవు. ఏం చేయమంటావు?

సమాధానం: తమ్ముడూ, ముందు ఆ బండి మళ్ళీ స్టార్ట్ చేయొద్దు. ఇంటి పక్కకి పోయి రావడానికి కూడా వద్దు. డిక్కీలో వాసన వస్తోంది, రబ్బరు మసిలా చేతికి అంటుతోంది అని నువ్వే రాశావు. ఆ గొట్టం పని అయిపోయింది. ఈ రోజే బ్యాటరీకి ఉన్న ఎర్త్ వైరు ఊడదీసి, డిక్కీ మూత తెరిచి, గాలి తగిలే చోట బండిని నిలబెట్టు. మిగతా సంగతి నిదానంగా మాట్లాడుకుందాం. నీ పది వేలకి ఈ పని అవుతుంది, బాగా కూడా అవుతుంది.

మీ వీధివాళ్ళు స్పోర్ట్స్ కారు అనడంలో తప్పేమీ లేదు. హెరాల్డ్‌ని 1959లో ఇంగ్లండులో ట్రయంఫ్ కంపెనీ తెచ్చింది, 1961 నుంచి అది మద్రాసులో స్టాండర్డ్ పేరుతో తయారైంది. ఆ హెరాల్డ్ చాసిస్‌నే, అంటే కింది ఇనుప చట్రాన్నే, పొట్టి చేసి దాని మీద 1962లో ట్రయంఫ్ వాళ్ళు స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు కట్టారు. రెండింటికీ బాడీ గీసింది ఇటలీకి చెందిన మికెలోట్టి. పైకప్పు బోల్టులు విప్పితే ఊడొచ్చేది కూడా బలమంతా చాసిస్‌లో ఉండబట్టే. ఇది నీ జేబుకి పనికొచ్చే సంగతి, అందుకే చెప్తున్నా. స్పిట్‌ఫైర్ ఉన్నవాళ్ళు లోకమంతా ఉన్నారు కాబట్టి పంపు డయాఫ్రం (లోపల ఆడే పల్చటి రబ్బరు పొర), వాషర్ల లాంటి చిన్న సామాను ఇప్పటికీ కొత్తగా తయారవుతోంది.

ఇక నీ ఇద్దరు మెకానిక్‌ల మాట. మొదటాయన చెప్పింది ఊరికే కొట్టేయడానికి లేదు. మన కడప, కర్నూలు ఎండల్లో కార్బొరేటర్ (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజనుకి ఇచ్చేది) ఉన్న బండికి పెట్రోలు పైపులోనే ఆవిరై ఆగిపోవడం నిజంగా ఉంది. కానీ ఆయన రబ్బరు చూడకుండా ఎండని చూశాడు. రెండో ఆయన రబ్బరు చూశాడు, దాంతోపాటు నీకు ట్యాంకు కూడా అమ్మబోయాడు.

నీ బండిలో పెట్రోలు ఎట్లా పోతుందో ఒకసారి ఊహించుకో. ట్యాంకు డిక్కీలో ఉంది. పంపు ముందు ఇంజను పక్కన ఉంది, లోపల క్యామ్ షాఫ్ట్ తిరిగేకొద్దీ దాని మీట కొట్టుకుంటుంది. అంటే ట్యాంకు నుంచి పంపు దాకా పెట్రోలుని వెనక నుంచి ఎవరూ తోయడం లేదు, పంపే లాక్కుంటోంది. కొబ్బరి బోండాం తాగేటప్పుడు స్ట్రాకి సన్న చీలిక ఉందనుకో. నీళ్ళు బయటికి కారవు. గాలి లోపలికి వస్తుంది, ఎంత పీల్చినా గరగరా చప్పుడు తప్ప నోట్లోకి నీళ్ళు రావు. నీ హెరాల్డ్‌కి ఘాటులో అయింది ఇదే అని నా నమ్మకం. చీలిన గొట్టం పంపు లాగేవైపు ఉంటే ఇంజను నడిచేటప్పుడు కింద ఒక్క చుక్క పడదు. బండి కింద దూరి చూసినా అంతా పొడిగానే కనిపిస్తుంది. చదును రోడ్డు మీద ఆ కాస్త గాలిని పంపు తట్టుకుంటుంది. ఘాటు ఎక్కేటప్పుడు ఇంజను ఎక్కువ అడుగుతుంది, పైగా ముందుభాగం పైకి లేచి ట్యాంకు కిందికి పోతుంది, పంపు ఇంకా పైకి లాగాలి. అప్పుడు గాలే ఎక్కువ వస్తుంది, కార్బొరేటర్ గిన్నె ఖాళీ అవుతుంది, బండి ఆగుతుంది. ఆపి కూర్చుంటే వేడి తగ్గుతుంది, ఆ తర్వాత సెల్ఫు కొట్టేటప్పుడు పంపు కాస్తో కూస్తో లాగి గిన్నె నింపుతుంది, మళ్ళీ నాలుగు మలుపులు పోతావు. చూసేవాళ్ళకి ఇది అచ్చం ఎండ దెబ్బలాగే ఉంటుంది. గాలి పీల్చే గొట్టానికి ఎండ తోడైతే ఆవిరి ఇంకా తొందరగా పుడుతుంది కూడా. అందుకే చాలామంది ఇక్కడే పొరబడి కార్బొరేటర్ విప్పుతారు, కాయిల్ మారుస్తారు, డబ్బు పోగొట్టుకుంటారు.

మరి డిక్కీలో వాసన ఎందుకంటే, ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఆ బరువంతా కింద గొట్టం మీద పడుతుంది. బండి ఆగి ఉంటే అక్కడ చెమ్మ వస్తుంది. నడిచేటప్పుడు గాలి పీల్చే చోటే నిలబెట్టినప్పుడు పెట్రోలు కారుస్తుంది.

ఎలక్ట్రిక్ పంపు పెట్టొద్దు. నీ పాత పంపు ఇంజను ఆగితే తనూ ఆగిపోతుంది. దారిలో గొట్టం ఊడినా, బండి దేన్నైనా గుద్దుకున్నా ఇంజను ఆగగానే పెట్రోలు పోయడం ఆపేస్తుంది. ఎలక్ట్రిక్ పంపు కీ తీసేదాకా పోస్తూనే ఉంటుంది, దానికి దెబ్బ తగిలితే కరెంటు ఆపే స్విచ్చి వేరే పెట్టాలి. ఇంకోటి, ఇప్పటి ఇంజెక్షన్ కార్ల పంపు ఏదో ఒకటి తెచ్చి బిగిస్తే దాని ఒత్తిడి నీ కార్బొరేటర్ తట్టుకునేదానికి పది రెట్ల పైనే ఉంటుంది. కార్బొరేటర్ గిన్నె నిండగానే పెట్రోలుని ఆపే నీడిల్ వాల్వు దాన్ని ఆపలేదు, పెట్రోలు పొంగి ఇంజను పక్కనున్న వేడి మ్యానిఫోల్డ్ మీద పడుతుంది. చీలిన గొట్టం అట్లాగే ఉంచి కొత్త పంపు పెట్టడమంటే అదే చీలికలోంచి ఇంకా గట్టిగా గాలి పీల్చడం. ఆ పంపు వెనక, ట్యాంకు దగ్గర పెడితే ఇంకా చెడ్డది. నిన్నటిదాకా గాలి పీల్చిన గొట్టం ఇక పెట్రోలు చిమ్ముతుంది.

ఆ రబ్బరు ఎందుకు పాడైందో తెలిస్తే ఏ గొట్టం కొనాలో నీకే తెలుస్తుంది. పాత గొట్టాలు నైట్రైల్ రబ్బరువి. ఆ కాలపు పెట్రోలుకి అవి బాగానే ఆగేవి. ఇప్పుడు బంకులో పోసేది ఇ20, అంటే నూటికి ఇరవై పాళ్ళు ఇథనాల్. 2023 ఫిబ్రవరిలో కొన్ని బంకుల్లో మొదలై 2025 నాటికి దేశమంతా అదే అయింది. ఇథనాల్ పాత రబ్బరులోకి ఇంకి ఉబ్బిస్తుంది, దాన్ని మెత్తగా ఉంచే పదార్థాన్ని కడిగేస్తుంది. నీ చేతికి అంటిన మసి అట్లా వచ్చిందే. తర్వాత బండి నిలబడి ఎండిపోతే అదే రబ్బరు గట్టిపడి పగుళ్ళు వస్తుంది. రోజూ తిరిగే బండి కంటే ఆరేండ్లు షెడ్డులో ఉన్న బండికే ఈ దెబ్బ ఎక్కువ. తడిసి, ఎండి, మళ్ళీ తడిస్తే ఏ రబ్బరూ నిలవదు.

కాబట్టి కొనాల్సింది లోపల ఫ్లోరో రబ్బరు పొర ఉన్న గొట్టం. షాపుల్లో దాన్ని వైటాన్ గొట్టం అని కూడా అంటారు. గొట్టం మీద ఎస్‌ఏఈ 30 ఆర్ 9 అని అచ్చు ఉంటుంది. ఆర్ 6, ఆర్ 7 అని ఉంటే అవి కార్బొరేటర్ బళ్ళ కోసం చేసినవే, ఒత్తిడికి సరిపోతాయి, ధర తక్కువ. షాపువాడు ‘నీ బండికి ఇది చాలు సార్’ అంటాడు. ఒత్తిడి సంగతి వరకే ఆ మాట నిజం. ఇ20 సంగతికి వస్తే నేను ఆర్ 9 తప్ప ఇంకోటి వేయను. ఏ రకమూ రాయకుండా ఉత్తగా ‘ఫ్యూయల్ హోస్’ అని మాత్రమే ఉన్నది ముట్టుకోకు.

అచ్చు చూసి కూడా పూర్తిగా నమ్మలేం, దొంగ సరుకు ఉంది. నేను చేసేది చెప్తా. కొన్న ముక్కలోంచి రెండంగుళాలు కోసి, వెర్నియర్‌తో (సన్న కొలతలు చూపే పనిముట్టు) లోపలి వ్యాసం, బయటి వ్యాసం కొలిచి రాసుకుంటా. గట్టి మూత ఉన్న గాజు సీసాలో బంకు పెట్రోలు పోసి ఆ ముక్క అందులో వేసి, పొయ్యికి, పిల్లలకి దూరంగా, ఇంటి బయట నీడలో వారం పెడతా. తర్వాత తీసి చూస్తే మంచి గొట్టం దాదాపు అట్లాగే ఉంటుంది. పెట్రోలు టీ డికాక్షన్ రంగుకి తిరిగినా, ముక్క ఉబ్బినా, లోపల వేలు పెడితే నల్లగా అంటినా ఆ గొట్టం తిరిగి ఇచ్చేయాల్సిందే. వారం ఆగడం కష్టంగా ఉంటుంది. ఆరేండ్లు ఆగిన బండికి ఇంకో వారం పెద్ద లెక్క కాదు.

ధర చూసి గుండె జారనీయకు. నీ బండి మొత్తానికి కావాల్సిన రబ్బరు రెండు మూరలు కూడా పట్టదు. హెరాల్డ్‌లో రబ్బరు ఉండాల్సింది మూడు చోట్లే. ట్యాంకు నుంచి చాసిస్ పైపులోకి, చాసిస్ పైపు నుంచి పంపులోకి, ఆ తర్వాత కార్బొరేటర్ దగ్గర. ఇంజను రబ్బరు మౌంటింగుల మీద ఊగుతుంది, చాసిస్ ఊగదు, ఆ రెండింటి మధ్య మెత్తటి ముక్క కావాలి. ఊగని చోట రబ్బరుతో పని లేదు, అక్కడ ఇనుప పైపే ఉండాలి. డబ్బు మిగుల్తుందని ట్యాంకు నుంచి ఇంజను దాకా ఒకే రబ్బరు గొట్టం లాగేవాళ్ళని చూశాను. రాయి తగిలినా, సైలెన్సర్ వేడి తగిలినా, ఎలుక కొరికినా అదే ఆఖరు. కారు కింద రబ్బరు ఎంత తక్కువుంటే అంత మంచిది.

సైజు అడక్కుండా కొనొద్దు. ఆ కాలపు బ్రిటిష్ బళ్ళు అంగుళాల లెక్క. పైపు బయటి వ్యాసం పావు అంగుళం ఉండొచ్చు, అంటే 6.35 మిల్లీమీటర్లు. లేదా అంగుళంలో పదహారో వంతులు అయిదు ఉండొచ్చు, అంటే 7.94. నీ బండిలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో మనకి తెలియదు కాబట్టి మూడు చోట్లా వెర్నియర్ పెట్టి కొలువు. 7.94 ఉంటే 8 మిల్లీమీటర్ల గొట్టం చక్కగా పడుతుంది. 6.35 ఉంటే 6 మిల్లీమీటర్లది కాస్త బిగువుగా ఎక్కుతుంది, అదే మంచిది. పెద్ద గొట్టం తెచ్చి క్లిప్పుతో నొక్కి సరిపెట్టడం మాత్రం వద్దు, నొక్కిన చోట మడత పడి అందులోంచే మళ్ళీ గాలి పీలుస్తుంది.

ఇప్పుడు ఇనుప పైపు. రెండో మెకానిక్ అన్నట్టు అది కొత్తది వేయాలా వద్దా అన్నది విప్పి చూస్తేనే తెలుస్తుంది. చూడకుండా ఒప్పుకోవద్దు. పైపుని చాసిస్‌కి పట్టి ఉంచే క్లిప్పుల కింద తుప్పు దాక్కుంటుంది, పైకి కనిపించే చోట కాదు. క్లిప్పులన్నీ విప్పి పైపు మొత్తం బయటికి తీసి, గుడ్డతో తుడిచి, క్లిప్పు ఉన్న ప్రతి చోటా గోటితో గీకు. పొక్కులు లేస్తే, గుంటలు పడితే మార్చాల్సిందే. బాగుందనిపిస్తే లోపలి పాత పెట్రోలు పూర్తిగా ఖాళీ చేసి, రెండు మూడుసార్లు కిరోసిన్‌తో కడిగి, గాలి ఊది, ఒక రోజు ఎండనివ్వు. తర్వాత ఒక చివర రబ్బరు ముక్క, బోల్టు పెట్టి మూసి, ఇంకో చివర సైకిలు పంపు తగిలించి, నీళ్ళ తొట్టిలో ముంచి మెల్లగా గాలి కొట్టు. సైకిలు ట్యూబు పంక్చరు చూసినట్టే. బుడగ రాలేదంటే ఆ పైపు ఉంచుకో, ఆ డబ్బు నీకు మిగిలింది. వైరు బ్రష్షు కొట్టి ఎర్రమట్టి రంగు ప్రైమర్ ఒక కోటు వేస్తే చాలు.

మార్చాల్సి వస్తే రాగి పైపు వేయొద్దు. ఈ మాట గట్టిగా చెప్తున్నా, ఎందుకంటే ఆ తప్పు నేను చేశాను. నాకు పాతికేళ్ళప్పుడు, కర్నూల్లో పని నేర్చుకుని సొంతంగా షెడ్డు పెట్టిన కొత్తలో, ఒక పెద్దాయన పాత ఫియట్ తెచ్చాడు. పైపు తుప్పు పట్టింది. ఫ్రిజ్ మెకానిక్ దగ్గర మిగిలిన రాగి పైపు తెచ్చి వేశాను. వంచడం సులువు, తళతళా మెరిసింది, ఆయన కూడా మురిసిపోయాడు. నాలుగైదు నెలలకి ఆ పెద్దాయన గుత్తి దాటాక వాసన వచ్చి బండి పక్కకి తీసి ఆపాడు. నేను పోయి చూస్తే పంపు దగ్గర మలుపులో పైపు చుట్టూ వెంట్రుకంత పగులు. పెట్రోలు సన్నగా చిమ్మి డైనమో మీద దాకా తడిసి ఉంది. ఆయన వెనక సీట్లో మనవరాలు నిద్రపోతోంది. ఆ పిల్ల ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. రాగి ఊగేకొద్దీ గట్టిపడుతుంది, గట్టిపడ్డాక పగులుతుంది. పైగా రాగి తగిలిన పెట్రోలు నిలవ ఉంటే తొందరగా జిగురు కడుతుంది, నీలాగా ఎప్పుడో ఒకసారి తీసే బండికి అది ఇంకా చెడ్డది. ఆ రోజు తర్వాత నేను ఏ బండికీ పెట్రోలు లైనుకి రాగి వాడలేదు.

వేయాల్సింది బండీ (Bundy) అనే పేరుతో పిలిచే పైపు, అంటే బ్రేకు పైపులకి వాడే పూత పూసిన ఇనుప పైపు. బ్రేకు పని చేసే షాపుల్లో దొరుకుతుంది. హెరాల్డ్ వీల్‌బేసు, అంటే ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం, 2324 మిల్లీమీటర్లు. ట్యాంకు నుంచి పంపు దాకా మలుపులతో కలిపి మూడున్నర, నాలుగు మీటర్లు అనుకో, విప్పిన పాత పైపు వెంట పురికొస పెట్టి కొలిస్తే సరైన లెక్క వస్తుంది. పాత పైపు పారేయొద్దు, కొత్తదాన్ని వంచడానికి అదే నమూనా. నేల మీద పరిచి దాని పక్కనే కొత్తది పెట్టి ఒక్కో మలుపే వంచుకుంటూ పోవాలి. కడపలో నీ ఇంటి ముందు చదునైన బండలు ఉంటాయి కదా, ఈ పనికి వాటికి మించిన బల్ల లేదు. మలుపు ఎప్పుడూ పైపు లావుకి మూడు రెట్ల కంటే బిగువుగా ఉండకూడదు, లేకపోతే నలిగిపోతుంది. పైపు కోసే కట్టరు, వంచే స్ప్రింగు, చివర ఉబ్బు తీసే ఫ్లేరింగ్ సామాను ఏసీ మెకానిక్‌ల దగ్గర ఉంటాయి. తెలిసినవాళ్ళుంటే ఒక పూటకి అడుగు, కొనొద్దు. చివరల ఆ చిన్న ఉబ్బు తప్పనిసరి. నున్నటి పైపు మీద ఎంత బిగించినా గొట్టం ఎప్పుడో ఒకప్పుడు జారుతుంది. ఉబ్బు దాటాక క్లిప్పు బిగిస్తే జారదు.

పైపు వెళ్ళే దారి మాత్రం కంపెనీ పెట్టిన దారే. దగ్గర దారి అని సైలెన్సర్ పక్కకి మార్చకు. పంపు ఇంజనుకి ఒక పక్క, కార్బొరేటర్ ఇంకో పక్క ఉంటాయి కాబట్టి ఆ మధ్య పైపు ఇంజను ముందు నుంచి చుట్టి వస్తుంది. ఆ ముక్క ఎగ్జాస్టుకి, వేడినీళ్ళ పైపుకి ఆనకుండా చూడు. నీ మొదటి మెకానిక్ చెప్పిన ఎండ సమస్య ఎంతో కొంత ఉంటే అది ఇక్కడే తగ్గుతుంది. పల్చటి అల్యూమినియం రేకు ముక్క ఒకటి కార్బొరేటర్‌కి, ఎగ్జాస్టుకి మధ్య అడ్డం పెడితే చాలా తేడా కనిపిస్తుంది. రేకుకి ఖర్చేమీ ఉండదు.

క్లిప్పుల దగ్గర పొదుపు వద్దు. మామూలు నీళ్ళ గొట్టాల క్లిప్పు పట్టీలో కోతలు ఉంటాయి, బిగించేకొద్దీ రబ్బరు ఆ కోతల్లోకి పొంగి తెగుతుంది. చిన్న గొట్టం మీద అది గుండ్రంగా కూడా బిగవదు, కోడిగుడ్డులా అవుతుంది. ఫ్యూయల్ ఇంజెక్షన్ క్లిప్పులని అడుగు. పట్టీ నున్నగా ఉంటుంది, అంచులు పైకి మడిచి ఉంటాయి, ఒక చిన్న బోల్టుతో బిగుస్తుంది. మూడు గొట్టాలకి ఆరు, మధ్యలో పెట్టే ఫిల్టరుకి రెండు, మొత్తం ఎనిమిది కావాలి, రెండు ఎక్కువ కొను. గొట్టాన్ని కొత్త బ్లేడుతో ఒక్క కోతలో కోయి. హ్యాక్సా రంపంతో కోస్తే రబ్బరు పొట్టు లోపల పడి కార్బొరేటర్ జెట్టులో, అంటే పెట్రోలు పోయే సన్న రంధ్రంలో, చిక్కుకుంటుంది. పైపు మీదకి గొట్టం అంగుళం పోవాలి.

ట్యాంకు విషయానికి వద్దాం. రంధ్రం లేకపోతే కొత్తది అక్కర్లేదు. కానీ కడగకుండా కొత్త లైను వేస్తే డబ్బు దండగ. ఇథనాల్ పాత జిగురునీ తుప్పునీ కదిలిస్తుంది, ఆరేండ్ల మురికంతా వచ్చి కొత్త ఫిల్టర్‌లో కూర్చుంటుంది, మళ్ళీ ఘాటు మీద ఆగుతావు. ట్యాంకు దించి, పాత పెట్రోలు ఖాళీ చేసి, గుప్పెడు శుభ్రమైన గులకరాళ్ళు, కొంచెం కిరోసిన్ వేసి మూత పెట్టి ఇద్దరు కలిసి ఊపండి. ఎర్ర నీళ్ళు తగ్గేదాకా నాలుగైదుసార్లు కడగాలి. రాళ్ళు లెక్కపెట్టి వేయి, లెక్కపెట్టి తీయి. ట్యాంకులో పెట్రోలు మట్టం చూసే గేజీ యూనిట్ కింద ఉండే పాత బెండు వాషర్ కూడా మార్చు, డిక్కీలో వాసన సగం అక్కడి నుంచే వస్తూ ఉండొచ్చు. ట్యాంకుకి రంధ్రం ఉంటే మాత్రం వెల్డింగు షాపుకి తీసుకెళ్ళకు. ఖాళీ ట్యాంకు నిండు ట్యాంకు కంటే ప్రమాదం. నిండుదాంట్లో మండడానికి గాలి ఉండదు, ఖాళీదాంట్లో గాలీ ఆవిరీ సరిగ్గా కలిసి ఉంటాయి. కడిగిన ట్యాంకులు కూడా మంట తగిలి పేలాయి. ఆ పని రోజూ చేసేవాళ్ళకే ఇవ్వాలి, నీళ్ళూ ఆవిరీ పట్టించి చేస్తారు.

ఫిల్టరు లోపల కాగితం, పైన ప్లాస్టిక్కో రేకో ఉన్న మామూలుది చాలు. అందంగా ఉందని గాజు ఫిల్టరు వద్దు, అది వేడికీ కుదుపుకీ పగులుతుంది. పంపుకి ముందు పెట్టు, బాణం గుర్తు పంపువైపు ఉండాలి.

పంపు విప్పి డయాఫ్రం చూడటం మర్చిపోవద్దు. అదీ రబ్బరే, దానికీ అదే ఇథనాల్ తగిలింది. డయాఫ్రం చిరిగితే పెట్రోలు కిందికి కారి ఇంజనాయిల్‌లో కలుస్తుంది. ఇప్పుడే ఆయిల్ కొలిచే పుల్ల (డిప్‌స్టిక్) తీసి వాసన చూడు. ఆయిల్ మట్టం పెరిగి ఉన్నా, పెట్రోలు వాసన వచ్చినా ఆయిల్ మార్చేదాకా ఇంజను తిప్పొద్దు. ఇ20కి తట్టుకునే రబ్బరుతో చేసిన కిట్టు కావాలని అడిగి తీసుకో. ఇక్కడ దొరకకపోతే చెన్నైలో పాత కారు సామాను అమ్మే పుదుపేటలో వెతుకు. స్టాండర్డ్ కార్లు ఆ ఊరివే, పాత సామాను ఇంకా ఆ సందుల్లో కనిపిస్తుంది. కడప నుంచి రైల్లో పోయి రావడం పెద్ద ఖర్చు కాదు.

ధరలు షాపుకో రకం కాబట్టి అంకెలు వేయను, వరస చెప్తా. నీ పది వేల్లో ముందు ఆర్ 9 గొట్టం, క్లిప్పులు. తర్వాత పంపు కిట్టు. తర్వాత ట్యాంకు కడగడం, బెండు వాషర్, ఫిల్టరు. పైపు మార్చాల్సి వస్తే బండీ పైపు. వీటన్నిటితో పాటు ఒక డ్రై పౌడర్ ఫైర్ సిలిండర్, చిన్నదే అయినా సరే. అది మిగిలిన డబ్బుతో కొనేది కాదు, అన్నిటికంటే ముందు కొనేది.

పని చేసే చోటు గురించి ఇంకా చెప్పాలి. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున మా కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఒక బైకు బస్సు కింద ఇరుక్కుని, దాని పెట్రోలుకి నిప్పు అంటుకుని బస్సంతా కాలిపోయింది. బైకు ట్యాంకులో పట్టేది ఎంత? అంత కొంచెం పెట్రోలుతో మొదలైన మంటకి అంత మంది బలయ్యారు. పెట్రోలు సున్నాకి నలభై డిగ్రీలు తక్కువ చలిలో కూడా అంటుకునే ఆవిరి వదుల్తుంది, మన ఊళ్ళ ఎండలో అయితే చెప్పనక్కర్లేదు. ఆ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీద పాకుతుంది, గుంటల్లో నిలుస్తుంది. అందుకే షెడ్డులో, గుంత మీద ఈ పని చేయొద్దు. బయట, పొద్దున చల్లపూట, వేపచెట్టు నీడలో చెయ్యి. బీడీ, సిగరెట్టు, పక్కింటి కట్టెల పొయ్యి, దేవుడి దీపం, ఇవన్నీ చూసుకో. వెలుతురుకి వైరు బల్బు వద్దు, ఎల్‌ఈడీ టార్చి వాడు. పెట్రోలు ప్లాస్టిక్ బకెట్లో పట్టొద్దు, రాపిడికి పుట్టే కరెంటుకి నిప్పురవ్వ రావచ్చు. ఇనుప డబ్బా నేల మీద పెట్టి అందులో పట్టు. నోటితో పీల్చి తీయడం అసలే వద్దు, ఒక గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రే. ఒంటరిగా చేయొద్దు, ఇంకొకరు సిలిండర్ దగ్గర ఉండాలి.

అంతా బిగించాక కార్బొరేటర్ దగ్గరి గొట్టం ఊడదీసి ఒక ఇనుప డబ్బాలో పెట్టి, పంపు కింద ఉండే చేతి మీట ఆడించు. మొదట గాలి వస్తుంది, తర్వాత పెట్రోలు. పాతిక ముప్పైసార్లు ఆడించాక కూడా బుడగలతో తుప్పర తుప్పరగా వస్తుంటే వెనక ఎక్కడో ఇంకా గాలి దూరుతోంది. అప్పుడు పంపుకి ముందు ఆరంగుళాల పారదర్శక గొట్టం తాత్కాలికంగా తగిలించి చూస్తే బుడగలు కంటికి కనిపిస్తాయి. అతుకుల దగ్గర నుంచి ఒక్కొక్కటీ బిగించుకుంటూ వెనక్కి పో. పరీక్ష కాగానే ఆ గొట్టం తీసేయి, అది ఇ20కి నిలవదు.

ధార తెగకుండా వస్తే గొట్టం కార్బొరేటర్‌కి బిగించి, ఎర్త్ వైరు తగిలించి స్టార్ట్ చెయ్యి. పది నిమిషాలు నిలబెట్టి నడిపి, ప్రతి అతుకు చుట్టూ తెల్ల కాగితం తిప్పి చూడు, చెమ్మ ఉంటే కాగితం చెప్తుంది. మొదట ఊళ్ళోనే యాభై కిలోమీటర్లు తిప్పి, చల్లారాక క్లిప్పులన్నీ మళ్ళీ ఒకసారి పట్టి చూడు, కొత్త రబ్బరు సర్దుకున్నాక కాస్త వదులవుతాయి. ఫిల్టరు కూడా అప్పుడే చూడు. లోపల ఎర్రగా ఉంటే మార్చేసి ఇంకో యాభై తిప్పాకే ఘాటు ఎక్కు. అప్పటికీ ఘాటులో ఆగితే వెంటనే పంపు మీద తడిగుడ్డ వేయి. రెండు నిమిషాల్లో స్టార్ట్ అయిందంటే మిగిలింది ఎండ సమస్యే. అప్పుడు ఎగ్జాస్టుకి, ఇంజను ముందు నుంచి చుట్టి వచ్చే ఆ పెట్రోలు పైపుకి మధ్య ఎంత దూరం ఉందో కొలిచి, ఒక ఫొటో తీసి నాకు మళ్ళీ రాయి.